కలక పదార్థాలలో కాంతి: దానిపై అతిధ్వని వేసే ముద్ర

పాలలో తెల్లని రంగుద్రవ్యం ఏదీ లేదు. ఈ మాట వినగానే విద్యార్థులు నవ్వుతారు. ఆపైన ఆలోచనలో పడతారు. పాలు చాలావరకు నీరే. ఆ నీటిలో కంటికి ఆననంత సన్నని వెన్న బిందువులు, కేసిన్ అనే మాంసకృత్తు రేణువులు కోట్లకొలదిగా తేలుతూ ఉంటాయి. వీటిలో ఏ ఒక్కటీ తెల్లనిది కాదు. కాని నీటి వక్రీభవన గుణకం వేరు, ఈ రేణువుల వక్రీభవన గుణకం వేరు. అందుచేత కాంతికిరణం ఒక రేణువును తాకిన ప్రతిసారీ కొంచెం పక్కకు తిరుగుతుంది. అట్లా ఎన్నోసార్లు తిరిగి తిరిగి, తాను వచ్చిన దిక్కు మరచి, చివరకు ఏదో ఒకవైపు బయటపడుతుంది. అన్ని రంగులూ దాదాపు అట్లాగే బయటపడతాయి కనుక పాలు మన కంటికి తెల్లగా తోస్తాయి. గాజును నూరితే తెల్లని పొడి కావడానికీ, పటికబెల్లం పలుకు నలిగితే తెల్లబడడానికీ, మేఘానికీ, నురుగుకూ ఇదే కారణం. ఇక్కడ కాంతి నశించడం లేదు, దారి తప్పుతున్నది. నశించడాన్ని శోషణం అనీ, దారి తప్పడాన్ని పరిక్షేపణం అనీ మన పాఠ్యపుస్తకాలు అంటున్నవి. ఈ రెండింటి భేదం మనసులో నిలుపుకుంటే ఈ వ్యాసంలో మిగిలినదంతా సుగమమే.

మేము భాషాశాఖకు చెందినవారము. భౌతికశాస్త్ర విషయం మాకెందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. మన కళాశాలలో ఉర్దూ మాధ్యమం నుండి, తెలుగు మాధ్యమం నుండి వచ్చే పిల్లలు నేటి విజ్ఞానమంతా ఇంగ్లీషులో తప్ప దొరకదనే దిగులుతో కూర్చుంటారు. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలోనే గణితం, భౌతికశాస్త్రం బోధించింది. ఆ పని తెలుగులో సాధ్యం కాకపోవడానికి కారణం లేదు. పరిక్షేపణం అన్న మాటకు బెదరనవసరం లేదు. నలుదిక్కులకూ వెదజల్లడమే దాని అర్థం. కలక అన్నది మన పల్లెమాట. వాగులో కొత్తనీరు వచ్చినప్పుడు కలకనీరు అంటాము. ఆ నీటిలో చిల్లగింజ అరగదీసి కలిపితే మట్టి అడుగున పేరుకొని పైనీరు తేరుతుంది. మన శరీరం కూడ కాంతికి ఒక కలకనీరే. కాని దానిని తేర్చే చిల్లగింజ వైద్యునివద్ద లేదు.

అటువంటిది ఒకటి ఈ మధ్య కనిపించిన మాట నిజమే. 2024లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు టార్ట్రజీన్ అనే పసుపుపచ్చ ఆహారపు రంగును ఎలుక చర్మానికి పూస్తే ఆ చర్మం కొంతసేపు పారదర్శకమైనదని చూపారు. ఆ రంగు కరిగినప్పుడు నీటి వక్రీభవన గుణకం పెరిగి, పక్కనున్న కొవ్వుల గుణకానికి దగ్గరవుతుంది. భేదం తగ్గితే పరిక్షేపణమూ తగ్గుతుంది. ముచ్చటైన ప్రయోగమే. కాని అది ఎలుక చర్మమంత పలుచని పొరలకు పనికివచ్చే ఉపాయం. అయిదు సెంటీమీటర్ల లోతున్న కణితి సంగతి వేరు.

చీకటిగదిలో అరచేతిని టార్చిలైటు మీద మూసి చూడండి. చేయి ఎర్రగా వెలుగుతుంది. ఎరుపు కాంతి మాంసం గుండా వస్తున్నదన్నమాట; ఎందుకంటే ఎరుపు, పరారుణ ప్రాంతంలో, అంటే సుమారు 650 నుండి 900 నానోమీటర్ల వరకు, రక్తమూ నీరూ కాంతిని తక్కువగా శోషిస్తాయి. కాంతి వస్తున్నది, కాని వేళ్ల ఎముకల నీడ కనిపించదు. ఎముక లేక కాదు, దాని నీడను మోసే కిరణాలు చెదిరిపోయినందువలన. మన కండరంలో కాంతి దాదాపు 0.1 మిల్లీమీటరు సాగేలోగా ఒకసారి పరిక్షేపణం చెందుతుంది. ప్రతిసారీ తిరిగే కోణం చిన్నదే కాబట్టి కొంతదూరం తన దిక్కును గుర్తుంచుకుంటుంది. ఒక మిల్లీమీటరు దాటేసరికి ఆ గుర్తు పూర్తిగా పోతుంది. ఆ తరువాత కాంతి నడక సంతలో తప్పిపోయిన పిల్లవాని నడక వంటిది.

దీపం పెట్టి శరీరంలోకి చూడాలన్న కోరిక పాతది. లండన్ వైద్యుడు రిచర్డ్ బ్రైట్ 1831లో, తలలో నీరుచేరి ఉబ్బిన ఒక రోగి తల వెనుక కొవ్వొత్తి ఉంచితే వెలుగు ముందువైపుకు కనిపించిన సంగతి వ్రాశాడు. 1929లో అమెరికా వైద్యుడు మాక్స్ కట్లర్ స్త్రీల రొమ్ములోని కణితులను దీపకాంతితో గుర్తించడానికి ప్రయత్నించాడు. మసక నీడలు కనిపించాయి; వాటి అంచులు, లోతు తెలియలేదు. ఎక్స్‌ కిరణాలు ఈ పనిని తీసుకున్నాయి, కాంతి వెనుకబడింది.

మరి ఎక్స్‌ కిరణాలుండగా కాంతి కావాలని ఎందుకు పట్టుబట్టడం? ఎక్స్‌ కిరణానికి తెలిసేది సాంద్రత మాత్రమే. రొమ్ము కణజాలమే దట్టంగా ఉన్న యువతులలో కణితిని చుట్టుపక్కల కణజాలం నుండి వేరుచేసి చూడడం దానికి కష్టం. కాంతికి రసాయనం తెలుసు. ప్రాణవాయువును మోస్తున్న హిమోగ్లోబిన్, మోయని హిమోగ్లోబిన్ ఈ రెండూ వేర్వేరు రంగులను వేర్వేరు పాళ్లలో శోషిస్తాయి. 1974లో జపాను ఇంజనీరు తకువో అయోయాగి వెల్లడించిన పద్ధతికి ఆధారం ఇదే. కోవిడ్ రోజులలో మన ఇళ్లలో వేలికి తగిలించుకున్న ఆక్సీమీటరు దాని ఫలమే. పెరిగే కణితి తనకోసం కొత్త రక్తనాళాలను అల్లుకుంటుంది. దానిలో రక్తం ఎక్కువ, ప్రాణవాయువు తరచు తక్కువ. ఆక్సీమీటరు వేలికి చేసే పనిని అయిదు సెంటీమీటర్ల లోతున, ఒక పెసరగింజంత చోటికి చేయగలిగితే, కోతలేకుండా, ఎక్స్‌ కిరణాల ప్రమాదం లేకుండా అనుమానం తీరుతుంది. భారతదేశపు స్త్రీలలో నేడు అన్నింటికన్న ఎక్కువగా కనిపించే క్యాన్సర్ రొమ్ము క్యాన్సరే. కాబట్టి ఇది ప్రయోగశాల ముచ్చట మాత్రమే కాదు.

కాంతికి ఉన్న లోపం ఒక్కటే: చూసినది చెబుతుంది, ఎక్కడ చూసిందో చెప్పలేదు.

అతిధ్వనికి దీనికి సరిగా వ్యతిరేకమైన లోపం ఉన్నది. మన చెవి సెకనుకు 20,000 కంపనాల వరకే వినగలదు; అంతకు మించినవి అతిధ్వనులు. గర్భిణీస్త్రీలకు చేసే స్కానింగులో వాడే ధ్వని కొన్ని మెగాహెర్ట్జ్‌లు, అంటే సెకనుకు కొన్ని పదుల లక్షల కంపనాలు. ఈ ధ్వని కండరంలో కాంతికన్న వందల రెట్లు తక్కువగా చెదురుతుంది. దానిని భూతద్దంతో ఎండను కూడదీసినట్లు లోతున ఒక చిన్న బిందువు వద్దకు చేర్చవచ్చు. ఎక్కడికి పంపామో, ఎక్కడ చేరిందో స్పష్టంగా తెలుసు. అయితే ధ్వనికి రంగు తెలియదు, ప్రాణవాయువు తెలియదు. గట్టిదనం, మెత్తదనం, సాంద్రతలో మార్పు మాత్రమే దానికి తెలిసిన సంగతులు. రూపం తెలిసిన గుడ్డివాడు, చూపుండి దారి తెలియనివాడు కలిసి నడిచిన కథ మనందరం చిన్నప్పుడు విన్నదే. ఈ రెండింటినీ కలపడం ఎట్లా అన్నదే ప్రశ్న.

కలిసే మార్గం మొదట కలకలో కాదు, తేటనీటిలో కనిపించింది. ధ్వని అంటే పదార్థంలో సంపీడనం, విరళీకరణం ఒకదాని వెంట ఒకటి సాగడం. నొక్కుకున్న చోట వక్రీభవన గుణకం కొంచెం ఎక్కువ, విరిసిన చోట కొంచెం తక్కువ. అందుచేత ధ్వని సాగుతున్న ద్రవం కాంతికి ఒక గీతల పలకలాగా, అంటే వివర్తన జాలకంలాగా పనిచేయాలని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బ్రిల్వాఁ 1922లో ఊహించాడు. 1932లో అమెరికాలో డిబై, సియర్స్ అనేవారు, అదే సంవత్సరం ఫ్రాన్సులో లుకాస్, బికార్ అనేవారు దీనిని ప్రయోగంలో చూశారు. ఒక్క గీతగా రావలసిన కాంతి ఇరువైపులా అనేక గీతలుగా విడివడింది. ఇన్ని గీతలు ఎందుకు, వాటి తీవ్రతలు అట్లా ఎందుకు మారుతున్నవి అన్నదానికి సరైన వివరణ మన దేశం నుండే వచ్చింది. చంద్రశేఖర వెంకట రామన్, నాగేంద్రనాథ్ కలిసి 1935, 1936 సంవత్సరాలలో బెంగుళూరు నుండి ప్రచురించిన వ్యాసపరంపర ఆ వివరణ ఇచ్చింది. ధ్వని కాంతిని అడ్డుకోవడం లేదనీ, దాని దశను మాత్రం ముందు వెనుకలు చేస్తున్నదనీ వారు చెప్పారు. నేటికీ ప్రపంచమంతటా ఆ సిద్ధాంతాన్ని వారిద్దరి పేరుతోనే పిలుస్తారు.

తెలుగునాటికీ ఈ కథలో పాలున్నది. కృష్ణా జిల్లాకు చెందిన సూరి భగవంతం హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, రామన్ వద్ద పరిశోధన చేసి, వాల్తేరులో ఆచార్యులైనారు. ఆయన, బి. రామచంద్రరావు 1940ల చివర చాల హెచ్చు పౌనఃపున్యపు అతిధ్వనులతో కాంతి వివర్తనాన్ని పరిశీలించారు. ఆ తరువాత భగవంతం ఉస్మానియా ఉపాధ్యక్షులుగాను, 1957 నుండి బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ సంచాలకులుగాను పనిచేశారు. ఇటువంటివారి పేర్లు మన విద్యార్థులకు సినీనటుల పేర్లంతగా తెలియకపోవడం మాకు కొంత బాధగానే ఉన్నది.

ఈ ప్రయోగం అందరానిదేమీ కాదు. అనేక డిగ్రీ కళాశాలల ప్రయోగశాలలలో క్వార్ట్జ్ పలక, చిన్న గాజుతొట్టి, సోడియం దీపం, వర్ణపటమాపకం పెట్టి కిరోసిన్‌లో ధ్వనివేగం కనుగొనే ప్రయోగం చేయిస్తారు. 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజరు తీసుకుందాము. నీటిలో ధ్వనివేగం సెకనుకు దాదాపు 1,500 మీటర్లు. 10 మెగాహెర్ట్జ్ ధ్వనికి తరంగదైర్ఘ్యం 0.15 మిల్లీమీటరు అవుతుంది. ఈ కొలతలతో ఒక మీటరు దూరంలోని గోడ మీద గీతకూ గీతకూ మధ్య దాదాపు మూడున్నర మిల్లీమీటర్ల ఎడం వస్తుంది. కంటితోనే చూడవచ్చు. కళాశాల పాలకవర్గంవారు ఈ పరికరాన్ని సమకూర్చితే భౌతికశాస్త్ర విద్యార్థులకు రామన్ పేరు పరీక్షప్రశ్నగా కాక కళ్లయెదుటి వస్తువుగా తెలుస్తుందని మా మనవి.

ఇప్పుడు ఆ తొట్టిలో నీరే ఉన్నదనుకొని, అందులో చుక్క చుక్కగా పాలు వేయండి. గీతలు మొదట మసకబారుతాయి, తరువాత పూర్తిగా చెరిగిపోతాయి. గోడమీద ఒక ఆకుపచ్చని వెలుగుమచ్చ తప్ప మరేమీ మిగలదు. ధ్వని కాంతిమీద చేసిన పని అంతా వ్యర్థమైనట్లు కనిపిస్తుంది. అయితే ఆ గీతలలో రెండు విశేషాలున్నవి. ఒకటి దిక్కు. రెండవది పౌనఃపున్యం: మొదటి గీతలోని కాంతి పౌనఃపున్యం అసలు కాంతికన్న సరిగా ధ్వని పౌనఃపున్యమంత ఎక్కువో తక్కువో అవుతుంది, రెండవ గీతలో దానికి రెట్టింపు. పాల రేణువులు దిక్కును చెరపగలవు. పౌనఃపున్యాన్ని, తమ స్వల్ప చలనం వలన కలిగే కొద్దిపాటి మసకను మినహాయిస్తే, చెరపలేవు. కాంతి ఎన్నిసార్లు చెదిరినా, ధ్వని వేసిన ముద్ర దానిమీద నిలిచే ఉంటుంది. కలక పదార్థంలోకి చూసే ఈ కొత్త విద్య అంతా ఆ ఒక్క సత్యం మీద నిలబడింది.

తపాలా ఉపమానంతో ఇది సులభంగా బోధపడుతుంది. చిరునామా చెడిన ఉత్తరం ఒకటి ఊరూరా తిరిగి నెల తరువాత మన చేతికి వచ్చిందనుకోండి. అది ఏ దారిన వచ్చిందో మనకు తెలియదు. కాని దానిమీద ఫలానా తపాలా కార్యాలయపు ముద్ర ఉంటే, ఆ ఊరు దాటి వచ్చిందని మాత్రం ఖాయంగా చెప్పగలం. అతిధ్వనిని లోతున ఒక బిందువు వద్ద కూడదీస్తే, ఆ బిందువే ముద్రవేసే తపాలా కార్యాలయం. బయటికి వచ్చిన కాంతిలో ముద్రపడిన భాగం ఎంతో లెక్కపెడతాము. ఆ చోట రక్తం దట్టంగా ఉండి కాంతిని మింగుతుంటే ముద్రపడి వచ్చే కాంతి తగ్గుతుంది. ధ్వని బిందువును కొంచెం జరిపి మళ్లీ లెక్కిస్తాము. ఒక్కొక్క చోటుకు ఒక్కొక్క లెక్క; అన్నీ చేరిస్తే పటం. రెండు రంగుల కాంతితో ఈ పని చేస్తే ఆ చోటి ప్రాణవాయువు పాలు కూడ తెలుస్తుంది. ఈ ఆలోచనను 1993లో మార్క్స్, ఆయన సహచరులు రొమ్ము క్యాన్సర్ కోసమే ప్రతిపాదించారు. 1995లో ఐరోపాలో లాయిట్జ్, మారే అనేవారు, అమెరికాలో లిహాంగ్ వాంగ్, ఆయన సహచరులు దీనిని ప్రయోగపూర్వకంగా బలపరచారు. ఈ ముద్రవేయడాన్ని శాస్త్రజ్ఞులు మాడ్యులేషన్ అంటారు. ఆకాశవాణి గొంతును రేడియో తరంగం మీద ఎక్కించి పంపడానికీ ఇదే మాట వాడతాము. పోలిక బాగానే సరిపోతుంది.

ముద్ర ఎట్లా పడుతుంది? ఇక్కడ కొంచెం లెక్క చేయడం మంచిది, ఎందుకంటే లెక్క చేస్తేనే ప్రకృతి ఎంత సున్నితంగా పనిచేస్తున్నదో తెలుస్తుంది. ధ్వనిపీడనం ఒక లక్ష పాస్కళ్లు అనుకుందాము. ఇది దాదాపు మన వాతావరణ పీడనమంత. పౌనఃపున్యం ఒక మెగాహెర్ట్జ్. అప్పుడు నీటిలోని రేణువు తన స్థానం నుండి అటూ ఇటూ కదిలే దూరం సుమారు 10 నానోమీటర్లు మాత్రమే. ఆకుపచ్చ కాంతి తరంగదైర్ఘ్యంలో ఇది యాభైయవ వంతు. రేణువు కదిలితే దానిని తాకి పోయే కాంతి నడిచే దూరం అంతమేర హెచ్చుతగ్గులవుతుంది. ఇది ఒక కారణం. రెండవది, పీడనం వలన నీటి వక్రీభవన గుణకం లక్షలో ఒకటి రెండు వంతులు మారుతుంది. అది ఏమంత మార్పు అనిపించవచ్చు. కాని ఒక మెగాహెర్ట్జ్ ధ్వని తరంగంలో సగం దైర్ఘ్యం 0.75 మిల్లీమీటరు, అంతదూరం ఈ మార్పు గుండా నడిస్తే కాంతికి కలిగే దూరభేదం కూడ దాదాపు 7 నానోమీటర్లు. రెండు కారణాలూ వేర్వేరు చోట్ల పుట్టి ఇంచుమించు సమానంగా నిలవడం ఆశ్చర్యమే. వీటిని రెండింటినీ కలిపి లెక్కగట్టే సిద్ధాంతాన్ని లిహాంగ్ వాంగ్ 2001లో ప్రకటించాడు. ధ్వని తరంగదైర్ఘ్యంతో పోలిస్తే కాంతి దిక్కు మరచే దూరం పెరిగినకొద్దీ రెండవ కారణానిదే పైచేయి అవుతుందని ఆయన చూపాడు. సాంద్రత మారడంచేత శోషణ, పరిక్షేపణాలు నేరుగా మారడమనే మూడవ కారణం కూడ ఉన్నది. అది చాల బలహీనం.

ఇంకొక అనుమానం విద్యార్థులకు రావచ్చు. ధ్వని కదులుతూనే ఉంటుంది కదా, కాంతి లోపల తిరిగే సమయంలో అది చాలదూరం సాగిపోదా? అయిదు సెంటీమీటర్ల మందం దాటడానికి కాంతి వంకరటింకరగా అర మీటరు నడిచిందనుకున్నా దానికి పట్టేది రెండు మూడు నానోసెకనులు. ఒక మెగాహెర్ట్జ్ ధ్వని ఒక్క కంపనానికి వేయి నానోసెకనులు తీసుకుంటుంది. కాబట్టి ఏ కాంతికణం దృష్టిలోనైనా ధ్వని గడ్డకట్టిన అలవలె నిశ్చలంగా నిలిచి ఉంటుంది. ఒకదాని తరువాత ఒకటి వచ్చే కాంతికణాలు ఆ అలను వేర్వేరు స్థితులలో చూస్తాయి. అందువలననే బయటికి వచ్చే కాంతిలో ధ్వని తాళం వినిపిస్తుంది.

తాళం వినడం మాత్రం సులభం కాదు. కాంతి పౌనఃపున్యం సెకనుకు అయిదున్నర కోట్ల కోట్లకు పైబడిన సంఖ్య. దానిలో ధ్వని తెచ్చే మార్పు 56 కోట్లలో ఒక వంతు. ఏ రంగుగాజూ ఈ భేదాన్ని పట్టలేదు. సంగీతం తెలిసినవారికి ఒక ఉపాయం తోచవచ్చు. రెండు తంబురలు దాదాపు ఒకే శ్రుతిలో ఉండి, కొంచెం మాత్రం తేడా ఉంటే, ఆ తేడా ఒక ఊగులాటగా వినిపిస్తుంది. వీటినే విస్పందనాలు అంటారు. ముద్రపడిన కాంతి, పడని కాంతి ఒకేచోట కలిసినప్పుడు అట్లాగే విస్పందనాలు పుడతాయి. అక్కడి వెలుగు సెకనుకు పదిలక్షలసార్లు మినుకుమంటుంది. ఆ మినుకును విద్యుత్ సంకేతంగా మార్చి కొలవవచ్చు.

కాని దీనిలో ఒక చిక్కు ఉన్నది. మా దృష్టిలో ఈ విషయమంతటిలో ముఖ్యమైన చిక్కు ఇదే. లేజరు కాంతిని కలక పదార్థం గుండా పంపి తెరమీద చూస్తే వెలుగు సమంగా పరచుకోదు. ఇసుక చల్లినట్లు చిన్న చిన్న వెలుగుచుక్కలు, నల్లచుక్కలు కనిపిస్తాయి. అనేక దారుల వచ్చిన తరంగాలు ఒకచోట కలిసి హెచ్చడం, మరొకచోట అణగడం వలన ఇది జరుగుతుంది. ప్రతి చుక్కా ధ్వనితాళానికి మినుకుతుంది. అయితే ఒక చుక్క వెలిగే క్షణంలో పక్కచుక్క ఆరుతుంది. పెద్ద సభలో పదివేలమంది ఎవరి లయలో వారు చప్పట్లు కొడితే మనకు లయ వినిపించదు, హోరు మాత్రమే వినిపిస్తుంది. కాంతి తక్కువగా ఉన్నది కదా అని పెద్ద గ్రాహకం పెట్టి పదివేల చుక్కలను ఒకేసారి పట్టితే, మొత్తం వెలుగు పదివేల రెట్లు పెరుగుతుంది, మినుకు మాత్రం దాని వర్గమూలమంతే, అంటే వంద రెట్లే పెరుగుతుంది. వెలుగులో మినుకు పాలు నూరవ వంతుకు పడిపోతుంది. ఒక్క చుక్కనే పట్టితే లయ స్పష్టమే, కాని కాంతి బొత్తిగా చాలదు. 1999లో పారిస్ పరిశోధకులు లెవెక్, బొకారా మొదలైనవారు దీనికి విరుగుడు చూపారు. ఒక పెద్ద కన్నుకు బదులు, వేలాది చిన్న కన్నులుగల కెమెరా ఫలకాన్ని పెట్టి, చుక్కకొక గడి వంతున వేర్వేరుగా కొలిచి, ఆ తరువాత కలిపారు. సభలో ప్రతివాని ముందు ఒక మైకు పెట్టినట్లన్నమాట. ఆ తరువాత ముద్రపడిన పౌనఃపున్యాన్ని మాత్రమే వదలి తక్కినదంతా మింగే అతిశీతల స్ఫటికాలను కూడ 2008లో అమెరికాలో వాడి చూపారు. వాటికి చుక్కల బాధ లేదు; కాని స్ఫటికాన్ని ద్రవ హీలియం చలికి దించాలి. మన జిల్లా ఆసుపత్రిలో అది జరిగే పని కాదు.

రామన్ పనిచేసిన బెంగుళూరు సంస్థలోనే డెబ్బయి ఏండ్ల తరువాత, అంటే ఈ శతాబ్దపు మొదటి దశకంలో, ఆచార్య వాసు బృందం ఇదే ముద్రను మరొక విధంగా చదవ ప్రయత్నించింది. ధ్వని తోసినప్పుడు మెత్తని కణజాలం ఎక్కువగా, గట్టిది తక్కువగా కంపిస్తుంది కదా. కాంతిమీద ముద్ర ఎంత లోతుగా పడిందో చూస్తే ఆ చోటి గట్టిదనం తెలియాలి. వైద్యురాలు చేతితో తడిమి గడ్డను కనుగొనే పనిని కాంతిచేత చేయించడమన్నమాట. వారు కణజాలాన్ని పోలిన జెల్లు దిమ్మలమీద దీనిని పరిశీలించారు.

ముద్రపడిన కాంతిని చదవడంతో తృప్తిపడక, దానిని వెనుకకు పంపాలన్న ఆలోచన 2011లో వచ్చింది. లిహాంగ్ వాంగ్ బృందం, వెలువడిన ముద్రకాంతిని మాత్రం ఏరి, ఒక విశేషమైన దర్పణంతో వచ్చిన దారినే తిప్పిపంపింది. మామూలు అద్దం కిరణాన్ని వేరొక దిక్కుకు మళ్లిస్తుంది. ఈ దర్పణం ప్రతి కిరణాన్నీ అది నడచిన అడుగుజాడలలోనే మళ్లీ నడిపిస్తుంది. ఎన్ని రేణువులను తాకి వచ్చిందో అన్నింటినీ తిరుగు వరుసలో తాకుతూ, కాంతి తనకు ముద్రపడిన ఆ బిందువు వద్దకే వెళ్లి చేరుతుంది. కలక పదార్థం నడుమ, ఏ కటకమూ చేరలేని చోట, కాంతి ఒక బిందువుగా కూడుతుంది. చూడడానికే కాక, ఆ చోటికే కాంతిని పంపి చికిత్స చేయడానికి కూడ ఇది దారి అవుతుంది.

ఇంత జరిగినా ఈ పరికరం ఇంకా మామూలు ఆసుపత్రి గదిలోకి ఎందుకు రాలేదు? ప్రయోగశాలలలో ఎక్కువగా వాడేది కోడిమాంసపు ముక్క, లేదా పాలవంటి కొవ్వు ద్రావణం కలిపి గడ్డకట్టించిన దిమ్మ. అవి కదలవు. జీవించి ఉన్న కండరంలో రక్తకణాలు క్షణక్షణం పరుగెడుతూ ఉంటాయి. అందుచేత పైన చెప్పిన చుక్కల అల్లిక మొత్తం ఒక మిల్లీసెకను అటూఇటూగా మారిపోతుంది. కెమెరా అంతకన్న నిదానంగా చూస్తే చూసేలోపల ముద్ర కరిగిపోతుంది. తిప్పిపంపే దర్పణానికైతే మరింత కష్టం. కాంతి తిరిగివచ్చేసరికి, తాను నడచిన దారిలోని రేణువులు అక్కడ ఉండవు. ధ్వని బలాన్ని పెంచి ముద్రను గాఢం చేద్దామంటే రోగి శరీరం ఎంత ధ్వనిని సహిస్తుందన్న హద్దు ఉన్నది; లేజరు కాంతికీ అటువంటి హద్దే ఉన్నది.

ఈ అడ్డంకినే కొందరు కొలతగా మార్చుకున్నారు. రక్తం ఎంత వేగంగా పారితే ముద్ర అంత త్వరగా కరుగుతుంది. కాబట్టి ముద్ర కరిగే వేగాన్ని కొలిస్తే, ధ్వని బిందువు ఉన్నచోట రక్తప్రవాహం ఎంతో తెలియాలి. స్పృహలేని రోగి నుదుటిమీద అతికించి మెదడులోని రక్తప్రవాహాన్ని గమనించడానికి ఈ సూత్రంమీద పరికరాలు తయారైనవి. రొమ్ములోని కణితికి పటం గీసే పని మాత్రం కెమెరాల వేగంమీద ఆగి ఉన్నది. సెకనుకు వేలసార్లు చిత్రించగల ఫలకాలు వచ్చాయి. ఒక్కొక్క చిత్రణలో వాటికి అందే ముద్రకాంతి మాత్రం ఇంకా చేతివ్రేళ్లమీద లెక్కపెట్టదగినంత స్వల్పం.